కుందేటి కొమ్ముకి అరబ్బీ షజరా ఎందుకు?

కారల్లూమా అని ఒక మొక్క ఉంది. నర్సరీల వాళ్లు, మొక్కల షౌకీన్లు ఆ పేరుతోనే పిలుస్తారు. చూడ్డానికి ఆకులుండవు. నాలుగు పలకల కాడలు వేలెడు లావున నిలువుగా లేచి పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. వానలయ్యాక ఆ కాడల చివర్లలో చిన్న చిన్న ఊదారంగు పూలు, లోపల సన్నటి చారలతో తల వంచుకుని పూస్తాయి. దీన్ని ఏ దూరదేశం నుంచో తెచ్చారనుకోకండి. మన రాయలసీమ గుట్టల మీద రాళ్ల సందుల్లో, ముళ్లపొదల నీడన ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతుంది. పల్లెల్లో కుందేటి కొమ్ములు అంటారు. ఈమధ్య ఇళ్లల్లో కండగల మొక్కలు, అదే సకులెంట్లు, పెంచే షౌక్ పెరిగాక దీనికీ కొంచెం ఇజ్జత్ వచ్చింది. సంతోషమే. నా ఏతరాజ్ అంతా దాని పేరు గురించి జరుగుతున్న గడ్‌బడ్ మీద.

కొన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో కారల్లూమా అరబ్బీ మాట అని రాసి ఉంటుంది. 'ఖహ్ర్ అల్-లుహూమ్' నుంచి వచ్చిందట. మాంసానికి పట్టిన పుండు అని దాని మానీ అట. ఈ ఖాందాన్‌లో చాలా పూలు బద్బూ కొడతాయి కాబట్టి ఆ పేరట. ఈ ముక్క చదివిన మావాళ్లలో ఒక పెద్దమనిషి ఫోన్ చేసి మరీ చెప్పారు. "చూశావా బేటా, మన గుట్ట మీద మొక్కకి కూడా నామ్ అరబ్బీదే!" ఆయన గొంతులో ఉన్న ఆ ఖుషీ నాకు కొత్త కాదు. మన ఇళ్లల్లో చాలామంది గొంతుల్లో విన్నదే. ఆ ఖుషీ గురించే రాస్తున్నాను.

ముందు మాట సంగతి తేలుద్దాం. ఉర్దూ మీడియంలో చదువుకున్న ఎవరికైనా ఖహ్ర్ అంటే తెలుసు. ఆగ్రహం, విపత్తు. 'ఖహ్ర్ ఢానా' అంటాం. పుండుకి, గాయానికి అరబ్బీలో ఉన్న మాట ఖర్హ్. ఖహ్ర్‌లో ఉన్నది ఛోటీ హే, ఖర్హ్‌లో ఉన్నది బడీ హే. అక్షరాల వరస వేరు, అక్షరమే వేరు. లుహూమ్ అంటే మాంసాలు, అది సరే. కానీ మొదటి మాట పుస్తకాల్లో అచ్చయినట్టు చదివితే 'మాంసాల మీద ఆగ్రహం' అని వస్తుంది తప్ప పుండు రాదు. మదర్సా పిల్లవాడు కూడా పట్టుకోగల ఈ తేడాని ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకం ఎత్తి రాసుకుంటూ పోయింది. ఈ మొక్కల చుట్టాలు అరబ్ దేశాల్లోనూ ఆఫ్రికాలోనూ పెరుగుతాయి కాబట్టి ఎవరికీ షక్ రాలేదు.

అస్లీ కిస్సా మన సామర్లకోటలో ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అని స్కాట్లండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ నౌకరీలో వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉండి మన తీరం మొక్కలన్నీ పరిశీలించాడు. ఒక్కో మొక్కకి ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మ గీయించాడు, ఇక్కడి జనం పిలిచే పేరు రాసుకున్నాడు. అవి 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కలు అనే పెద్ద గ్రంథంగా అచ్చయ్యాయి. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. అందులో మన కుందేటి కొమ్ములకి ఆయన స్టపీలియా అడ్‌సెండెన్స్ అని శాస్త్రీయ నామం పెట్టి, తెలుగువాళ్లు దీన్ని 'కార్-అల్లం' అంటారని రాశాడు. తర్వాత 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే మరో శాస్త్రవేత్త ఈ మొక్కని స్టపీలియాల నుంచి విడదీసి కొత్త జాతిగా నిలబెట్టాడు. జాతికి పేరు కావాలి. రాక్స్‌బర్గ్ రాసిపెట్టిన తెలుగు మాటనే తీసుకుని లాటిన్ తోక తగిలించాడు. కారల్లం కాస్తా కారల్లూమా అయింది.

కార్-అల్లం అనగానే తెలుగు చెవికి రెండు ముక్కలు వినిపిస్తాయి. కారడవిలో, కారెనుములో ఉన్న 'కారు', వంటింట్లో ఉన్న 'అల్లం'. ఆ మాట రాక్స్‌బర్గ్ నోట పుట్టింది కాదు. ఏ గొర్రెల కాపరో, కట్టెలు కొట్టుకునే ఆమెనో చెప్పి ఉండాలి. ఆ మనిషి హిందువో ముసల్మానో మనకి తెలీదు, తెలియక్కర్లేదు కూడా. తెలుగు మాట్లాడే మనిషి. ఆ ఒక్క మాట ఇవాళ లండన్‌లో, కేప్‌టౌన్‌లో, ఎక్కడ ఈ మొక్క పెంచినా కుండీ మీద రాసి ఉంటుంది. ప్రపంచ వృక్షశాస్త్రంలో ఒక జాతి మొత్తానికి మన జబాన్ ఇచ్చిన పేరు ఇది. అలాంటి దాన్ని తీసుకెళ్లి, తప్పుడు స్పెల్లింగ్‌తో, ఇంకో జబాన్ ఖాతాలో వేస్తుంటే సంబరపడుతున్నామే, అదే నాకు దర్ద్.

అరబ్బీ మీద నాకు మొహబ్బత్ తక్కువ కాదు. నమాజులో చదివేది అదే. అరబ్ దేశాల నుంచి నిజంగానే వచ్చిన వాళ్లు మన మధ్య ఉన్నారు. హైదరాబాద్ బార్కస్‌కి వెళ్లండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చిన వాళ్ల ఔలాద్ ఇవాళ్టికీ అక్కడున్నారు. వాళ్ల బ్యారక్సే బార్కస్ అయింది. అది వాళ్ల తారీఖ్. కానీ మనలో చాలామంది తారీఖ్ అది కాదు. మన ముత్తాతలు ఈ మట్టిలో పుట్టి, ఈ మట్టిలో నేత నేసి, దూది ఏకి, మేకలు కోసి, బండ్లు తోలి, ఈ మట్టిలోనే దఫన్ అయిన వాళ్లు. అయినా పెళ్లిసంబంధం మాటలు మొదలైతే చాలు, మడతలు పడిన షజరా ఒకటి బయటికొస్తుంది. ఎక్కడో బగ్దాద్ నుంచో బుఖారా నుంచో బయల్దేరి, మధ్యలో మూడు వందల ఏళ్లు ఎవరూ కనపడకుండా, సీదా మన దాదా దగ్గర తేలుతుంది. ఇంట్లో మామ్మ మాట్లాడేది మాత్రం సగం దక్కనీ, సగం కడప తెలుగు.

ఇందులో భయం కూడా ఉంది. ఇక్కడి వాళ్లం అని చెప్పుకుంటే తక్కువ కులం నుంచి మారిన వాళ్లనుకుంటారని. బయటి నుంచి వచ్చాం అని చెప్పుకుంటే 'అయితే పొండి' అంటారని. రెండు వైపులా దెబ్బే. కానీ ఈ రెండో మాట అనేవాళ్ల చేతికి కర్ర అందిస్తున్నది మన షజరానే. మన పెరటి మొక్కకి కూడా పరాయి పేరు కట్టబెట్టి మురిసిపోయేవాళ్లం, రేపు ఎవరో మనల్ని పరాయివాళ్లంటే ఏ నోటితో కాదంటాం?

డిగ్రీలో నేను తెలుగు తీసుకున్నప్పుడు రెండు వైపుల నుంచీ ఒకటే సవాల్ వచ్చింది. చుట్టాలు, "తెలుగు పఢ్‌కే క్యా కర్తా రే?" అన్నారు. కాలేజీలో ఒకరు, "సాయిబులకి ఛందస్సు ఎక్కుతుందా?" అన్నారు. ఇద్దరి లెక్కలోనూ తెలుగు చదివే ముసల్మాను అనేవాడు కుందేటి కొమ్ము. అంటే లేనివాడు. తెలుగు చదువుకున్న వాళ్లకి తెలుసు, అసలు లేనిదానికి, ఎప్పటికీ దొరకనిదానికి మన కవులు చెప్పే ఉదాహరణ కుందేటి కొమ్మే. ఆ లేనిదాని పేరే ఉన్న మొక్కకి పెట్టారు మన పల్లెవాళ్లు. దాని కాయలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. జంటగా, సన్నగా, పొడుగ్గా రెండు కొమ్ముల్లా నిలబడతాయి. కుందేలుకి కొమ్ములు లేవని పండితులు తేల్చిన తర్వాత కూడా, మా సీమలో గుట్ట ఎక్కిన పిల్లలందరూ వాటిని కోసి చేత్తో పట్టుకున్నారు.

ఇప్పుడు నిజంగా అరబ్ నుంచి వచ్చిన మొక్క సంగతి చెప్తాను. అడెనియం. ఎడారి గులాబీ అని ప్రతి నర్సరీలోనూ అమ్ముతారు. అడుగున ఉబ్బిన కాండం, పైన గులాబీ రంగు గరాటు పూలు. డెన్మార్క్ రాజు పంపిన బృందంతో వెళ్లిన పీటర్ ఫోర్స్‌కోల్ అనే శాస్త్రవేత్త దీన్ని యెమెన్‌లో చూసి రాసుకున్నాడు. 1763లో అక్కడే జ్వరంతో చనిపోయాడు. ఆ బృందంలో ప్రాణాలతో తిరిగొచ్చిన ఒకే ఒక్కడు కార్‌స్టెన్ నీబూర్ ఆ రాతల్ని 1775లో అచ్చు వేయించాడు. ఈ మొక్క అరేబియాలోనూ, ఆఫ్రికాలో సహారా కింది ఎండు నేలల్లోనూ పుట్టింది. ఇవాళ హైదరాబాద్ బాల్కనీలో, విజయవాడ మేడ మీద, గుంటూరు గుమ్మం ముందు ఉంది. మన ఎండకి ఖుష్‌గా పూస్తోంది. దాన్ని చూసి 'నీ దేశానికి పో' అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. వచ్చిన మొక్క వచ్చినట్టు చెప్పుకుని బతకొచ్చు. ఉన్న మొక్క ఉన్నట్టు చెప్పుకుని బతకొచ్చు. రెండింటి షజరాలూ సహీగా రాయాలి, అంతే.

అందుకే నా సలహా, ఈ రెండు మొక్కల్నీ పక్కపక్కన పెంచండి. అడెనియం దాదాపు ఇంటింటా ఉండనే ఉంది. లేనిది కారల్లమే. దానికి కారణాలు రెండు. ఒకటి బద్బూ అనే పేరు, రెండోది వహం.

బద్బూ గురించి ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. ఈ ఖాందాన్ పూలు తేనెటీగల్ని కాదు, ఈగల్ని పిలుస్తాయి. కుళ్లిన మాంసం వాసన, మాంసం రంగు, కొన్నిటికి నూగు. ఆఫ్రికా నుంచి వచ్చిన స్టపీలియా జైగాంటియా పువ్వు జానెడు కన్నా వెడల్పు నక్షత్రంలా విచ్చుకుంటుంది. ఈగ నిజంగా మాంసమే అనుకుని దాని మీద గుడ్లు పెట్టి పోతుంది. పుట్టిన పురుగులకి తిండి దొరక్క చస్తాయి. మా ఇంట్లో అది మొదటిసారి పూసినప్పుడు అమ్మీ ఇల్లంతా వెతికింది. "మరే సో చూహే కీ బాస్ ఆరీ," ఎక్కడో ఎలుక చచ్చిందని. పువ్వు చూపించాక ముక్కు మూసుకునే, "సుభానల్లా, సూరత్ ఎంత బాగుంది" అంది. ఆ కుండీని మేడ మీదికి పంపించాం. అది సరైన చోటు. కానీ మన గుట్టల కారల్లం, చిన్న పూల రకం, అలా ఇల్లు కంపు చేయదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప తెలీదు. గుండ్రటి బంతిలా గుత్తిగా పూసే ఇంకో రకం ఉంది, దాని వాసన మాత్రం ఘాటే. అది సెహన్‌లోనో మేడ మీదో ఉండాలి.

ఈగ పని కూడా చూడదగ్గదే. ఈ పూలలో పుప్పొడి పిండిలా రాలదు. రెండు చిన్న మూటలుగా కట్టి, మధ్యలో ఒక కొక్కెంతో ఉంటుంది. ఈగ మూతి ఆ సందులో దూరితే కొక్కెం తగులుకుని మూట ఊడి వస్తుంది. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు అక్కడ ఇరుక్కుంటుంది. మన జిల్లేడు పువ్వులోనూ ఇదే కారీగరీ, రెండూ ఒకే కుటుంబం. పిల్లలకి భూతద్దం ఇచ్చి చూపించండి.

ఇక వహం. ముళ్ల మొక్క ఇంట్లో ఉంటే ఝగడాలవుతాయని, బర్కత్ పోతుందని మన ఇళ్లల్లోనూ అంటున్నారు. వాస్తు వద్దంటూనే వాస్తు భయాలు తెచ్చుకున్నాం. మక్కా నుంచి మొరాకో దాకా కలబందని, దాని చుట్టాల్ని అరబ్బులు పిలిచే మాట సబ్ర్ అన్న మూలం నుంచే వచ్చింది. సహనానికీ అదే మూలం. నీళ్లు లేకుండా ఓర్చుకునే మొక్కకి అంత మంచి పేరు పెట్టిన జబాన్ మీద ప్రేమ ఉన్నవాళ్లు, ఆ మొక్కల్ని గుమ్మం బయట నిలబెట్టడం ఏం న్యాయం? పైగా కారల్లానికి ముళ్లే లేవు.

పెంచడం కష్టం కాదు. అడుగున చిల్లి ఉన్న మట్టి గమ్లా తీసుకోండి. సగం ఎర్రమట్టి, సగం గరుకు ఇసుక, గులకరాళ్లు, పెంకుముక్కలు. ఎవరింట్లోనైనా ఉంటే ఒక కాడ అడగండి. కోసిన కాడని వెంటనే నాటకూడదు. నీడన నాలుగైదు రోజులు ఉంచితే కోసిన చోట ఎండి పొర కడుతుంది. అప్పుడు ఇసుక మీద ఆనిస్తే వేళ్లు దిగుతాయి. పొద్దుటి ఎండ బాగా తగలాలి, మే నెల మధ్యాహ్నం ఎండకి కొంచెం నీడ ఉండాలి. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు. చలికాలంలో ఇంకా తక్కువ. ముసురు పట్టినప్పుడు చూరు కిందికి జరపండి. ఈ మొక్కల్ని చంపేది మన ప్రేమే, అంటే రోజూ పోసే చెంబెడు నీళ్లు. కాడ మొదలు మెత్తబడితే పైన గట్టిగా ఉన్న ముక్క కోసి మళ్లీ నాటుకోండి. తెల్లటి దూదిలా కనపడితే పిండినల్లి. తడిగుడ్డతో తుడిచేయండి, వేళ్లు కూడా చూడండి.

నీళ్లు ఎందుకు తక్కువ కావాలో చెప్పే కిస్సా కూడా మన దగ్గరే ఉంది. రాక్స్‌బర్గ్ తర్వాత సామర్లకోట తోట చూసిన బెంజమిన్ హైన్, రణపాల ఆకు పొద్దున నమిలితే పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా ఉంటోందని గమనించి ఉత్తరం రాశాడు. అది 1815లో అచ్చయింది. ఈ మొక్కలు పగటి ఎండలో నోరు మూసుకుని, నీరు పోకుండా, రాత్రి చల్లబడ్డాకే గాలి పీలుస్తాయి. పీల్చింది పులుపుగా దాచి, పగలు వాడుకుంటాయి. అందుకే పొద్దున పులుపు. ఇవాళ ప్రపంచంలో ప్రతి వృక్షశాస్త్ర విద్యార్థీ చదివే పాఠం అది. హిందుస్తాన్‌లో ఒక ఆకు నమిలి చూడ్డంతో మొదలైంది.

జాగ్రత్తలు రెండు చెప్పాలి. అడెనియం పాలు విషం, గుండెకి చేటు. చిన్నపిల్లలున్న ఇంట్లో అందేట్టు పెట్టొద్దు, కత్తిరించాక చేతులు కడుక్కోండి. కారల్లాన్ని సీమలో పచ్చిగా నమలడం పాత అలవాటు, షుగర్‌కి మంచిదంటారు. దాని దగ్గరి చుట్టాన్ని ఒళ్లు తగ్గించే గోళీలుగా కూడా అమ్ముతున్నారు. తగ్గుతారనడానికి గట్టి రుజువు లేదు. షుగర్ మాత్రలు మానేసి కాడలు నమలకండి. డాక్టరు చెప్పిందే వినండి.

ఇంకో ముఖ్యమైన మాట. గుట్టల మీద నుంచి వేళ్లతో పెకలించి తేవద్దు, అలా తెచ్చినవాళ్ల దగ్గర కొనొద్దు. దక్షిణాఫ్రికాలో చిన్న గులకరాళ్లలా ఉండే కోనోఫైటం మొక్కలకి ఇదే గతి పట్టింది. ఎక్కడో దూరదేశాల్లో కిటికీ అలంకారం కోసం 2019 తర్వాత అక్కడి కొండల్ని దొంగలు తవ్వేశారు. లక్షల మొక్కలు పోలీసులకి పట్టుబడ్డాయి. వందేళ్ల మొక్కని ఒక్క రోజులో బ్యాగులో వేసుకుపోయారు. మన గుట్టల్ని ఇప్పటికే క్వారీలు తింటున్నాయి. మన షౌక్ కూడా తోడవకూడదు. ఒక కాడ నుంచి పది కుండీలవుతాయి. పెకలించాల్సిన పనే లేదు.

కుండీ పెట్టాక దాని మీద పేరు రాయండి. తెలుగులో కారల్లం, కుందేటి కొమ్ములు అని రాయండి. పక్కన ఉర్దూ లిపిలో అదే తెలుగు మాట రాయండి, కాఫ్ అలిఫ్ రే తోనే, ఖాఫ్ బడీ హే లేకుండా. ఇంటికొచ్చిన మెహమాన్ ఇదేం మొక్క అని అడిగితే సామర్లకోట కిస్సా చెప్పండి. హమ్‌సాయా అడిగితే ఒక కాడ కోసివ్వండి, వాళ్లు ఏ మజ్‌హబ్ వాళ్లయినా సరే. పక్కనే ఉన్న అడెనియం చూపించి, ఇది యెమెన్ వైపుది, ఇప్పుడు ఇక్కడిది అని అదే గొంతుతో చెప్పండి. మన పిల్లలు ఈ రెండు మాటలూ సిగ్గు లేకుండా, భయం లేకుండా చెప్పడం నేర్చుకుంటే, రేపు స్కూల్లో ఎవరైనా "మీరు ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడిగినప్పుడు వాళ్లకి షజరా వెతుక్కోవాల్సిన అవసరం రాదు. "ఇక్కడి వాళ్లమే" అని చెప్పి, తర్వాతి మాట మాట్లాడతారు.